తప్పు ఎక్కడో చెప్పని మాస్టారు

మా పెదనాన్నగారు హైస్కూలు హెడ్మాస్టరుగా పనిచేసి రిటైరయ్యారు. ముప్ఫయ్యయిదేళ్ళపాటు పిల్లల పరీక్ష కాగితాలు దిద్దిన చెయ్యి ఆయనది. ఈనాటికీ ఆయన జేబులో ఎర్రసిరా కలం ఒకటి వుండవలసిందే. ఎవరింటినుంచయినా శుభలేఖ వస్తే ముందు అందులోని అచ్చుతప్పులకు సున్నాలు చుట్టి, ఆ తర్వాతనే ముహూర్తం ఎప్పుడో చూసుకుంటారు. అటువంటి మనిషి రెండేళ్ళ క్రిందట వేసవిలో ఒక రాత్రి కంప్యూటరు ముందు కూర్చుని, "నాకు చదువు రాదురా అబ్బాయ్!" అన్నారు. ఆ మాటకు నాకు నవ్వు రాలేదు.

జరిగిన సంగతి ఇది. మనుమరాలికి ఒక కాలేజీలో సీటుకోసం దరఖాస్తు పెట్టాలి. దరఖాస్తు అంటే ఇప్పుడు కాగితం కాదు గదా! ఇంటర్నెట్టులో ఫారం తెరచి గడులు నింపాలి. గడువు ఆ రాత్రి 12 గంటలకు తీరిపోతుంది. పిల్ల తాతగారింట్లో వుండి చదువుకుంటున్నది కనుక సంరక్షకుడి పేరూ, చిరునామా, బ్యాంకు ఖాతా వివరాలూ అన్నీ పెదనాన్నగారివే. తొమ్మిది గంటలకు కూర్చున్నారు. మొత్తం 31 గడులు. కళ్ళజోడు తుడుచుకుంటూ, ఒక్కొక్క అక్షరం వెతుక్కుంటూ నింపి, చిట్టచివరి బటన్ నొక్కారు. తెరమీద ఎర్రటి అక్షరాల్లో ఒకే ఒక్క ముక్క ప్రత్యక్షమైంది: "ఇన్‌వాలిడ్ ఇన్‌పుట్". క్రిందికి చూస్తే గడులన్నీ ఖాళీ!

మళ్ళీ మొదటినుంచి నింపారు. మళ్ళీ అదే ముక్క. మూడోసారి మనుమరాలు చదువుతుంటే ఆయన వ్రాశారు. ఫలితం మారలేదు. పిల్ల ఏడుపు మొదలుపెట్టింది. పెద్దమ్మ దేవుడికి ముడుపు కట్టింది. అప్పుడు నాకు ఫోను చేశారు.

నేను వెళ్ళి చూద్దును గదా, తప్పు ఒక్క అక్షరంలో వుంది. బ్యాంకు బ్రాంచికి ఐ.ఎఫ్.ఎస్.సి. అని ఒక కోడు వుంటుంది. అందులో 11 స్థానాలు. మొదటి నాలుగూ బ్యాంకును తెలిపే అక్షరాలు, చివరి ఆరూ బ్రాంచిని తెలిపేవి, మధ్యలో ఐదోది సున్న. పాస్‌పుస్తకంలో ఆ సున్న అచ్చు ఇంగ్లీషు 'ఓ' లాగానే వుంది. పెదనాన్నగారు 'ఓ' అనే వ్రాశారు. ఆయన కళ్ళకూ లోపం లేదు, చదువుకూ లోపం లేదు.

విడ్డూరమేమిటంటే, మన దేశంలో ఏ బ్యాంకు ఏ బ్రాంచి తీసుకున్నా ఆ ఐదోచోట వుండేది సున్నే. ఫారం తయారుచేసినవారికి ఈ సంగతి తెలియకపోదు. తెలిసింది కాబట్టే యంత్రం ఆ 'ఓ'ను పట్టుకోగలిగింది! పట్టుకున్నది కాస్తా, "ఐదో స్థానంలో సున్న వుండాలి, మీరు ఓ అక్షరం వ్రాశారు" అని ఒక్క వాక్యం చెప్పివుంటే ఒక్క నిమిషంలో తేలేది. చెప్పకుండా తానే సున్నగా మార్చి, మార్చినట్టు చూపించినా సరిపోయేది. ఈ రెంటిలో ఏదీ చెయ్యకుండా ఒక కుటుంబాన్ని మూడు గంటలు కూర్చోబెట్టి ఏడిపించింది.

దరఖాస్తు 11 గంటల 52 నిమిషాలకు చేరింది. పెదనాన్నగారు మంచినీళ్ళు తాగి, "అన్నేళ్ళు కాగితాలు దిద్దాను. తప్పు రాశావు పో అని చెప్పి, ఏది తప్పో చెప్పకుండా ఏ కుర్రవాణ్ణీ పంపించలేదు. రాసిన కాగితం చించి మొహాన కొట్టనూ లేదు" అన్నారు.

యంత్రం ఏం చూస్తుంది?

మనం గడి నింపగానే యంత్రం దాన్ని మూడు రకాలుగా పరీక్షించవచ్చు. మొదటిది ఆకారం. పిన్‌కోడు అయితే 6 అంకెలు వుండాలి. పాన్ నంబరు అయితే 5 అక్షరాలు, 4 అంకెలు, మళ్ళీ ఒక అక్షరం. ఇది వాకిట్లో నిలబడిన బంట్రోతు పనివంటిది. మనిషి ఎవరైందీ వాడికి అక్కరలేదు. తలపాగా వుందా లేదా అన్నదే చూస్తాడు.

రెండోది లెక్క. ఇది ముచ్చటైన విద్య. ఐ.బి.ఎం. కంపెనీలో పనిచేసిన హాన్స్ పీటర్ లూన్ అనే ఆయన 1954లో దీనికి పేటెంటు కోరాడు, 1960లో వచ్చింది. ఈనాడు మన జేబుల్లో వుండే బ్యాంకు కార్డుల నంబర్లన్నీ దాదాపు ఈ లెక్క ప్రకారమే నడుస్తున్నాయి. సంఖ్య చివర ఒక కాపలా అంకె వుంటుంది. కాపలా అంకెకు పక్కదానితో మొదలుపెట్టి, కుడినుంచి ఎడమకు ఒకటి విడిచి ఒకటి రెట్టింపు చేస్తారు. రెట్టింపు చేస్తే రెండంకెలు వచ్చినచోట ఆ రెంటినీ కలిపేస్తారు. అన్నీ కూడితే 10తో నిశ్శేషంగా భాగించబడాలి. 12344 తీసుకోండి. చివరి 4 కాపలా. మిగిలినవి 8, 3, 4, 1 అవుతాయి; కూడితే 16, కాపలాతో 20. సరిపోయింది. ఎవరైనా తొందరలో 3, 4 అంకెలను తారుమారు చేసి 12434 అని వ్రాశారనుకోండి. 6, 4, 4, 1 కలిపి 15, కాపలాతో 19. దొంగ దొరికాడు! ఒక అంకె తప్పుగా పడితే ఈ లెక్క తప్పక పట్టుకుంటుంది. పక్కపక్క అంకెలు తారుమారైనా పట్టుకుంటుంది, ఒక్క సున్నా తొమ్మిదీ చోటులు మార్చుకున్నప్పుడు తప్ప.

ఆ లొసుగు కూడా లేని లెక్కను జాకోబస్ వెర్హోఫ్ అనే డచ్చి గణితవేత్త 1969లో ప్రకటించాడు. మన ఆధార్ నంబరులోని 12వ అంకె ఆయన పద్ధతి ప్రకారం వచ్చేదే. నంబరులో ఒక అంకె పొరపాటు పడినా, రెండు పక్క అంకెలు స్థానాలు మార్చుకున్నా, ఢిల్లీని అడగనక్కరలేకుండా మన ముందున్న యంత్రమే పసిగట్టగలదు. ఏ అంకె తప్పో మాత్రం చెప్పలేదు. "నంబరులో ఎక్కడో ఒక అంకె మారినట్టుంది, కార్డు చూసి మరొకసారి సరిచూసుకోండి" అనగలదు. తనకు తెలిసినంతవరకూ చెప్పితే చాలు గదా!

మూడోది చిట్టా తిరగవెయ్యడం. ఈ ఫోను నంబరుతో ఇదివరకే ఎవరైనా దరఖాస్తు పెట్టారా, ఈ ఖాతా నిజంగా వుందా అన్నది దూరాన వున్న సర్వరును అడిగి తెలుసుకోవాలి. ఆకారం, లెక్క చూసే పనులు మన యింటి కంప్యూటరులోనే జరిగిపోతాయి. 1995లో జావాస్క్రిప్టు అనే భాష పుట్టినప్పటినుంచీ దాన్ని ఇందుకు వాడుతూనే వున్నారు. అయితే ఇంట్లో జరిగిన పరీక్షను నమ్మడానికి వీల్లేదు. కొంటెవాడు దాన్ని దాటి రాగలడు. కనుక సర్వరు దగ్గర మళ్ళీ అన్నీ చూడవలసిందే.

ఇన్ని రకాల పరీక్షలు చేస్తున్నప్పుడు, ఎక్కడ ఆగిందో యంత్రానికి తెలుసు. ఆ తెలిసినదాన్ని మనకు చెప్పడానికి ఎవరో ఒకరు కూర్చుని గడిగడికీ తగిన వాక్యం వ్రాయాలి. ఆ పని తప్పించుకోవడానికి అన్నిటికీ కలిపి ఒకే ముక్క తగిలిస్తారు. పెదనాన్నగారికి కనబడింది ఆ బద్ధకమే.

డెన్మార్కు దేశస్థులైన జాకబ్ నీల్సన్, రోల్ఫ్ మోలిచ్ అనే ఇద్దరు 1990లోనే కంప్యూటరు తెరల మంచిచెడ్డలు చూడడానికి కొన్ని సూత్రాలు వ్రాశారు. తప్పు జరిగితే మామూలు మాటల్లో, కచ్చితంగా చెప్పాలనీ, దిద్దుకునే దారి చూపాలనీ, అసలు తప్పే జరగకుండా చూడడం ఇంకా మేలనీ వారు ఆనాడే చెప్పారు. ఇన్నేళ్ళూ ఆ సూత్రాలు కళాశాలల్లో పాఠం చెప్పుతూనే వున్నారు.

పుచ్చుకోవడంలో ఔదార్యం

నిజానికి సగం తప్పులు తప్పులే కావు. ఆధార్ కార్డుమీద నంబరు నాలుగేసి అంకెల చొప్పున విడివిడిగా అచ్చువేసి వుంటుంది. చూసి వ్రాసేవారు మధ్యలో ఖాళీ వదిలి వ్రాస్తారు. ఫారం మాత్రం "అంకెలు మాత్రమే వ్రాయాలి" అని కసురుతుంది. 1972 ఆగస్టు 15న మన పిన్‌కోడు పుట్టింది. మూడంకెల తర్వాత కాస్త ఎడమిచ్చి వ్రాయడం మనకు అలవాటు. అదీ చెల్లదంటుంది. ఫోను నంబరు ముందు 91 వేస్తే చెల్లదు, సున్న వేస్తే చెల్లదు. ఈ ఖాళీలూ, గీతలూ తీసిపారెయ్యడం యంత్రానికి రెప్పపాటు పని. దాని పని మనచేత చేయించుకుంటూ పైగా చెల్లదనడం ఏమి మర్యాద?

ఇంటర్నెట్టుకు తొలిరోజుల్లో నియమాలు కూర్చిన జాన్ పోస్టెల్ 1980లో ఒక నీతి వ్రాసిపెట్టాడు. పంపేటప్పుడు నియమం తప్పకుండా పంపాలి, పుచ్చుకునేటప్పుడు ఉదారంగా పుచ్చుకోవాలి అని దాని సారాంశం. ఆయన చెప్పింది యంత్రాలకూ యంత్రాలకూ మధ్య. మనుషుల విషయంలో అది ఇంకా వర్తిస్తుందని నా ఉద్దేశం. కాని దీనికీ హద్దు వుంది. బ్యాంకులో డబ్బు పంపే గడిలో నేను ఒక సున్న ఎక్కువ వేస్తే, యంత్రం దాన్ని ఊహించి దిద్దకూడదు. అక్కడ ఆగి అడగాలి.

పోస్టాఫీసులో మనీఆర్డరు ఫారాలు నింపిన రోజులు పెద్దవాళ్ళకు జ్ఞాపకం వుంటాయి. కిటికీ అవతల కూర్చున్న గుమాస్తా ఎంత చిరాకు మనిషైనా, "అమ్మా, జిల్లా పేరు వెయ్యలేదు" అని వేలితో ఆ చోటు చూపించి, కాగితం వెనక్కి ఇచ్చేవాడు. కాగితంమీద మనం వ్రాసిన మిగతాదంతా అలాగే వుండేది. ఈ రెండు మర్యాదలూ ఏ చదువూ లేకుండానే ఆ కిటికీ దగ్గర నడిచిపోయాయి.

పేర్ల దగ్గరికి వస్తే తెలుగువారి అవస్థ మరీ ప్రత్యేకం. మనకు ఇంటిపేరు ముందు, అసలు పేరు తర్వాత. ఫారంలో "ఫస్ట్ నేమ్" అని వుంటే, మొదట వచ్చే పేరే గదా అని ఇంటిపేరు వ్రాసేవారు ఎందరో. ఇంకొక ఫారం దగ్గర ఎవరో చెప్పగా తిరగేసి వ్రాస్తారు. పాన్ నంబరులో ఐదో అక్షరం ఇంటిపేరు మొదటి అక్షరమే. ఒకచోట అలా, మరొకచోట ఇలా పడితే నాలుగేళ్ళ తర్వాత ఎక్కడో "పేర్లు సరిపోలలేదు" అని వస్తుంది. ఏ పేరు, దేనితో సరిపోలలేదో చెప్పదు. ఇంటిపేరును ఒక్క అక్షరంగా వ్రాసుకునేవారికి "కనీసం రెండక్షరాలు వుండాలి" అని జవాబు. అక్షరం పక్కన చుక్క పెడితే "చిహ్నాలు పనికిరావు" అని మందలింపు. పాస్‌పోర్టులో పేరంతా ఇంటిపేరు గడిలోనే పడిపోయి అసలు పేరు గడి ఖాళీగా వున్నవారికి అమెరికా వీసామీద "మొదటి పేరు తెలియదు" అనే అర్థం వచ్చే ఎఫ్.ఎన్.యు. అనే మూడు అక్షరాలు పడతాయి. శుభమా అని బారసాల చేసి పెట్టుకున్న పేరు సముద్రం దాటేసరికి తెలియకుండా పోయింది! ఇటువంటివారి విషయంలో తప్పు వ్రాసినవారిదని ఎలా అనగలం? గడి పక్కన "ఇంటిపేరు", "మీ పేరు" అని తెలుగులో వ్రాసి, ఒక ఉదాహరణ చూపిస్తే పోయేది.

ఎప్పుడు చెప్పాలి? ఎలా చెప్పాలి?

కొన్ని ఫారాలు అతి చురుకైనవి. ఈ-మెయిలు గడిలో మొదటి అక్షరం వ్రాసీ వ్రాయకముందే "సరైన చిరునామా కాదు" అని ఎర్రబడతాయి. పిల్లవాడు అ అని దిద్దబోతూ సున్న చుట్టేలోగా బెత్తం ఝుళిపించడం వంటిదిది. ల్యూక్ రోబ్లెవ్‌స్కీ అనే అమెరికా నిపుణుడు 2009లో ఒకే ఫారాన్ని రకరకాలుగా తయారుచేయించి 22 మందిచేత నింపించి చూశాడు. చివరిదాకా ఆగి చెప్పేదానికంటే గడిగడికీ చెప్పే ఫారమే మేలని తేలింది. కాని మనిషి వ్రాస్తుండగానే అడ్డుపడే రకం మాత్రం అందరికీ విసుగు తెప్పించింది. మనిషి ఆ గడి ముగించి పక్కగడిలోకి వెళ్ళిన తర్వాత చెప్పడమే మంచిదట. ఇది ఏ బడిపంతులునడిగినా చెప్పును.

మాటల ఎంపికలో బ్రిటిషు ప్రభుత్వంవారు తమ వెబ్‌సైట్లకోసం పెట్టుకున్న నియమావళి చదవదగ్గది. "నిషిద్ధం", "మీరు మరిచారు" వంటి మాటలు వాడకూడదన్నారు. "చెల్లుతుంది, చెల్లదు" అనే మాటలూ వద్దన్నారు. వాటివల్ల కొత్తగా తెలిసేదేమీ లేదు. "క్షమించండి" అనవద్దు, దానివల్ల తప్పు దిద్దుకోవడానికి సాయం లేదు. "దయచేసి" కూడా వద్దు. చేస్తే చెయ్యవచ్చు, మానితే మానవచ్చు అనే అర్థం వస్తుందట. ఇంగ్లీషు వారికి ఈ చివరిది మొరటుగా తోచిందేమోగాని, తెలుగులో మనకు ఆ బాధే లేదు. "పిన్‌కోడు వ్రాయండి" అన్నామంటే ఆ "అండి"లోనే మర్యాద అంతా వుంది.

మన తెలుగులో వచ్చే చిక్కు వేరు. ఇంగ్లీషు ముక్కను ఎవరో నిఘంటువు చూసి మార్చేస్తారు. ఒకసారి మా పెద్దమ్మ గ్యాసు బుక్ చెయ్యబోతే "ఈ క్షేత్రం తప్పనిసరి" అని వచ్చింది. "ఏ క్షేత్రమే? కాశీయా, శ్రీశైలమా?" అన్నారు పెదనాన్నగారు. మరొకచోట "చెల్లని ప్రవేశం" అని చూశాను. సినిమాహాలు గేటుదగ్గర దొంగటికెట్టుతో పట్టుబడ్డట్టు ప్రాణం చివుక్కుమన్నది. "ఈ గడి నింపండి" అంటే మూడు మాటల్లో పోయేదానికి ఎంత యాత్ర!

ఎర్రరంగు ఒక్కదాన్నే నమ్ముకోవడం ఇంకొక పొరపాటు. మగవారిలో కొందరికి పుట్టుకతోనే ఎరుపుకూ ఆకుపచ్చకూ తేడా తెలియదు. చూపులేనివారు తెరమీది అక్షరాలను పైకి చదివిపెట్టే సాధనంతో పని జరుపుకుంటారు. వారికి గడి చుట్టూ ఎర్రగీత గీస్తే ఏమి ప్రయోజనం? వెబ్ ప్రమాణాలు నిర్ణయించే కన్సార్షియంవారు 2008 డిసెంబరులో వెలువరించిన నియమాల్లో, తప్పు ఏ గడిలో వుందో అక్షరాల్లో చెప్పాలనీ, దిద్దే మార్గం తెలిసివుంటే అదీ చెప్పాలనీ స్పష్టంగా వుంది.

అన్నట్టు, కావాలనే స్పష్టంగా చెప్పకూడని చోటు కూడా ఒకటుంది. బ్యాంకు వెబ్‌సైటులోకి ప్రవేశించేటప్పుడు పాస్‌వర్డు తప్పితే, "పేరుగాని పాస్‌వర్డుగాని తప్పు" అంటుంది. ఏది తప్పో చెప్పదు. ఇది బద్ధకం కాదు. పేరు సరే, పాస్‌వర్డే తప్పు అని చెప్పామంటే దొంగకు సగం తాళం తీసి ఇచ్చినట్టే. పెదనాన్నగారికి ఈ సంగతి చెప్పితే, "అది సబబే. పరీక్షహాల్లో పక్కవాడి కాగితం చూస్తున్నవాడికి ఏది తప్పో ఎందుకు చెప్పాలి?" అని ఒప్పుకున్నారు.

అయినా ఆ రాత్రి తర్వాత ఆయన కంప్యూటరు ముట్టుకోవడం మానేశారు. కరెంటు బిల్లు మొదలు పింఛను కాగితాలవరకూ వీధి చివర దుకాణానికి వెళ్ళి, అక్కడి కుర్రవాడికి చార్జీ ఇచ్చి చేయించుకుంటున్నారు. తన ఖాతా నంబరూ, ఆధార్ నంబరూ పదిమందిలో పైకి చదివి చెప్పుతారు. అట్లా చెప్పడం క్షేమం కాదని నేను అంటే, "వాడు తప్పు రాస్తే ఎక్కడ తప్పిందో వాడే చూసుకుంటాడు. నన్ను తెలివితక్కువవాణ్ణి అనడు" అంటారు.

మనుమరాలికి ఆ సీటు వచ్చింది. తీసుకున్నది కంప్యూటరు చదువే. మొన్న దసరా సెలవులకు వచ్చినప్పుడు, కాలేజీలో పాఠంకోసం తాను తయారుచేస్తున్న ఫారంలోని హెచ్చరికలన్నీ ఒక కాగితంమీద అచ్చువేసి తెచ్చి, "తాతయ్యా, కొంచెం చూసిపెట్టు" అని చేతికిచ్చింది. ఆయన కళ్ళజోడు సవరించుకుని, జేబులోంచి ఎర్రసిరా కలం తీశారు. మొదటి పంక్తిలో "ఫోను నంబరు చెల్లదు" అని వుంది. దాన్ని కొట్టివేసి, పైన గుండ్రటి అక్షరాలతో వ్రాశారు: "ఫోను నంబరులో 10 అంకెలు వుండాలి. మీరు 9 వ్రాశారు." రెండో పంక్తి చదివి, "ఇది బాగానే వుందే" అన్నారు. మూడోదానికి ప్రశ్నార్థకం పెట్టి మనుమరాలివైపు తిరిగి, "ఇక్కడ తప్పు వస్తే, వాడు అదివరకు రాసిందంతా వుంచుతావా, తుడిచేస్తావా?" అని అడిగారు.

"వుంచుతాను తాతయ్యా" అన్నది ఆ పిల్ల.

ఆయన అప్పుడు నాలుగో పంక్తికి వెళ్ళారు.